తొండి ఆడని ఆటలు

భోగి తెల్లవారుజామున మంట చుట్టూ నిలబడి చేతులు కాచుకుంటున్నాం. పాత తలుపు చెక్క ఒకటి అప్పుడప్పుడే అంటుకుంటోంది. మా అన్నయ్య కొడుకు మెల్లగా నా పక్కకి జరిగి, పెద్దవాళ్లకి వినపడకుండా, "అత్తా, సిల్క్‌సాంగ్ తెచ్చావా?" అన్నాడు. తెచ్చాను. ల్యాప్‌టాప్, రెండు కంట్రోలర్లు, టీవీకి తగిలించే తీగ, అన్నీ చీరల మడతల్లో చుట్టి హైదరాబాద్ నుంచి అమలాపురం దగ్గర మా ఊరిదాకా మోసుకొచ్చాను.

ఏడాదంతా గదిలో ఒక్కదాన్నే కూర్చుని వీడియో గేమ్‌లు ఆడి, వాటి మంచిచెడ్డలు రాయడం నా పని. సంక్రాంతికి మాత్రం నేను తీర్పు చెప్పేశాననుకున్న ఆటలన్నీ మళ్లీ విచారణకొస్తాయి. పద్నాలుగేళ్ల మేనల్లుడు ఒక సాక్షి, పేకాటలో పండిపోయిన నాన్న ఇంకొక సాక్షి. ఎన్నడూ కంట్రోలర్ ముట్టని వదిన, బూరెలు వేస్తూ మధ్యమధ్యలో టీవీవైపు చూసి పోయే అమ్మ సరేసరి. వీళ్లందరి దగ్గరా తేలిన మాటలే ఈసారి కబుర్లు.

ముందు నా కొలబద్ద చెప్పేస్తాను. మా నాయనమ్మ అష్టాచెమ్మా ఆడేటప్పుడు గవ్వలు నేలకి ఆనించి జారవిడిస్తే ఒప్పుకునేది కాదు. గుప్పిట్లో గలగలలాడించి ఎగరేయాల్సిందే. జారవిడిస్తే "తొండి" అని కాయ వెనక్కి పెట్టించేది. ఇంకో గడి దాటితే పండబోయే కాయ చచ్చి మొదటికొచ్చినా మేం ఏడ్చేవాళ్లం కాదు గానీ, తొండి జరిగితే మాత్రం గడులన్నీ చెరిపేసి లేచిపోయేవాళ్లం. ఆట కష్టంగా ఉండటం వేరు, తొండిగా ఉండటం వేరు. లక్షల కోట్ల రూపాయల పరిశ్రమ తయారుచేసే ఆటల్ని చూసేటప్పుడు కూడా నేను మొదట వెతికేది అదే. నేను ఓడిపోయినప్పుడు ఆ ఓటమి నాదా, ఆట చేసిన మోసమా?

సిల్క్‌సాంగ్ దగ్గర ఈ ప్రశ్న రాకుండా ఎవరూ తప్పించుకోలేరు. ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్‌లో టీమ్ చెర్రీ అని ఒక చిన్న బృందం ఉంది. ఏరీ గిబ్సన్, విలియం పెలెన్ అనే ఇద్దరు దానికి ప్రాణం. 2017లో 'హాలో నైట్' అనే పురుగుల లోకపు ఆట చేశారు. దానికి అనుబంధంగా ఒక చిన్న భాగం ఇద్దామని మొదలుపెడితే అది పెరిగి పెరిగి 'సిల్క్‌సాంగ్' అనే వేరే ఆటైపోయింది. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఆ తర్వాత ఆరున్నరేళ్లు జనం ఎదురుచూశారు. చివరికి 2025 సెప్టెంబరు 4న విడుదల చేస్తే, కొనడానికి ఎగబడ్డ జనం తాకిడికి స్టీమ్ లాంటి పెద్ద ఆన్‌లైన్ దుకాణాలే కాసేపు కుప్పకూలాయి. ఆ వారంలో రావాల్సిన కొన్ని చిన్న ఆటలు ముందే పక్కకి తప్పుకున్నాయి. ధర ఇరవై డాలర్లే. ఇంత ఆలస్యమెందుకంటే, చేస్తుంటే సరదాగా ఉంది కాబట్టి చేస్తూ పోయాం అన్నట్టుగా చెప్పారు వాళ్లు. ఆట చూస్తే ఆ మాట నమ్మాలనిపిస్తుంది. మూలమూలనా ఎవరో కూర్చుని ఇష్టంగా గీసిన బొమ్మలవి.

హార్నెట్ అనే సాలెపురుగు జాతి వీరనారి ఫార్లూమ్ అనే దేశంలో బందీగా వచ్చి పడుతుంది. ఆ దేశంలో పురుగులన్నీ యాత్రికులే. పైన కొండకొమ్మున ఉన్న కోట గుడికి చేరాలని గంటలు మోగే దారుల వెంట పైకి పాకుతుంటాయి. సగం దారిలో కూలబడినవి, మోయలేని బరువుతో వచ్చినవి, దారి మరిచినవి ఎన్నో కనిపిస్తాయి. అలిపిరి మెట్లెక్కుతున్నప్పుడు పక్కన ఆయాసపడే మనుషులు గుర్తొచ్చారు నాకు. డబ్బు కూడా జపమాల పూసలే. క్రిస్టఫర్ లార్కిన్ సంగీతం ఆ పూసల చప్పుడుకీ గంటల మోతకీ మధ్య ఎంత సన్నగా నడుస్తుందంటే, చెవిలో ఇయర్‌ఫోన్ లేకుండా ఈ ఆట ఆడొద్దని అందరికీ చెబుతున్నాను.

ఇక కష్టం సంగతి. హార్నెట్‌కి మొదట్లో ప్రాణాలు అయిదు. చాలా శత్రువులు ఒక్క దెబ్బకి రెండు లాగేస్తాయి. అంటే మూడు దెబ్బలకి ఆట కట్టు. చస్తే పూసలన్నీ అక్కడే ఉండిపోతాయి. వెనక్కెళ్లి తెచ్చుకోవాలి. దారిలో మళ్లీ చస్తే అవి పోయినట్టే. మా వాడు మొదటి రోజు హంటర్స్ మార్చ్ అనే చోట మూడు గంటలు చచ్చి చచ్చి, చివరికి ఒక బెంచీ చూసి ఊపిరి పీల్చుకున్నాడు. ఈ ఆటలో బెంచీ అంటే విశ్రాంతి, అక్కడిదాకా ఆడింది భద్రం. ఆశగా వెళ్లి కూర్చోబోతే అది ఉచ్చు! వాడు కంట్రోలర్ మంచం మీద పడేసి "తొండి!" అని అరిచిన అరుపుకి పెరట్లో కోళ్లు లేచాయి.

అది తొండి కాదని నా వాదన. ఆ ప్రాంతమంతా వేటగాళ్లదే. అడుగడుగునా ఉచ్చులే పెట్టి ఉన్నారు. విశ్రాంతి చోటుని మాత్రం ఎందుకు వదిలేస్తారు? ఆట తన లోకానికి తను నిజాయితీగా ఉంది. కానీ రెండు విషయాల్లో నేను మేనల్లుడి పక్షం. బాస్‌ని, అంటే దారి కాసే పెద్ద శత్రువుని, ఒరుసుకున్నంత మాత్రానికే రెండు ప్రాణాలు పోవడం న్యాయం కాదు. అతను కొట్టలేదు, నేను తగిలానంతే. రెండోది, ఓడిన ప్రతిసారీ బెంచీ నుంచి బాస్ దాకా అంత దూరం పరుగెత్తించడం. లాస్ట్ జడ్జ్ అనే కావలివాడి దగ్గరికి ఇసుక గాలుల్లో దూకుతూ పోవాలి. పోరాటంలో నేర్చుకునేది ఉంది, ఆ పరుగులో ఇరవయ్యోసారి నేర్చుకునేది ఏమీ లేదు. మొదట్లో వచ్చే ఇద్దరు బాస్‌లని టీమ్ చెర్రీ విడుదలయ్యాక కొంచెం మెత్తబరిచింది. ఈ పరుగుల్ని కూడా తగ్గించి ఉంటే బాగుండేదని గట్టిగా అనుకుంటున్నాను. అయినా 2025లో నేను ఎక్కువ రాత్రులు గడిపింది ఫార్లూమ్‌లోనే. హార్నెట్ కదలికలో ఉన్న నాట్యం, కిందికి ఏటవాలుగా సూదితో దూకి శత్రువు మీద నుంచే మళ్లీ పైకి లేవడం, ఒకసారి చేతివేళ్లకి అబ్బిందంటే వదలదు.

అమ్మని టీవీ ముందు కూర్చోబెట్టిన ఆట ఇంకొకటి. 'క్లేర్ ఆబ్స్‌క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33'. ఫ్రాన్స్‌లో మాంపెలియె ఊళ్లో శాండ్‌ఫాల్ అనే కొత్త స్టూడియో చేసింది. గియోమ్ బ్రోష్ అంతకుముందు యూబీసాఫ్ట్‌లో పనిచేసి, బయటికొచ్చి మొదలుపెట్టాడు. స్టూడియోలో ఉన్నది ముప్ఫై మంది చిల్లర. సంగీతం చేసిన లోరియాన్ టెస్టార్ అంతకుముందు ఏ ఆటకీ చేయలేదు. సౌండ్‌క్లౌడ్‌లో పెట్టుకున్న పాటలు విని పిలిచారు. 2025 ఏప్రిల్ 24న వచ్చిన ఈ ఆట డిసెంబరులో లాస్ ఏంజలెస్‌లో జరిగిన గేమ్ అవార్డుల్లో ఏడాది మేటి ఆటతో కలిపి తొమ్మిది బహుమతులు తీసుకుంది. అంతకుముందు ఏ ఆటకీ అన్ని రాలేదు.

కథ ఇదీ. లుమియేర్ అనే ఊరికి ఎదురుగా సముద్రం అవతల ఒక పెద్ద రాతి స్తంభం. దాని కింద కూర్చున్న ఒక చిత్రకారిణి ఏడాదికొకసారి లేచి ఒక అంకె రాస్తుంది. ఆ వయసు వాళ్లందరూ ఆ క్షణాన పూరేకులై, పొగై గాలిలో కలిసిపోతారు. ఏటా అంకె ఒకటి తగ్గుతుంది. ఆట మొదలయ్యే రోజు ఆమె 33 రాస్తుంది. ఆ ఊళ్లో ముసలివాళ్లు లేరు. పోబోయేవాళ్లు మెడలో పూలదండలు వేసుకుని రేవుకి నడుస్తారు. గుస్తావ్ అనే ఇంజనీరు తను ప్రేమించిన సోఫీ చెయ్యి పట్టుకుని నిలబడతాడు, చెయ్యి ఖాళీ అయిపోతుంది. అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఆ భాగమంతా చూసింది. "పోయేవాళ్లకి ముందే దండలు వేశారేంటే" అంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. భాష అర్థం కాకపోయినా ఆ దండల సంగతి ఆవిడకి వివరించనక్కర్లేకపోయింది.

ఇది వంతులవారీ యుద్ధం. నువ్వొక దెబ్బ, నేనొక దెబ్బ, పాతకాలపు జపాన్ ఆటల పద్ధతి. అయితే శత్రువు వంతులో కూడా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. దెబ్బ తగిలే లిప్తలో బటన్ నొక్కితే దాన్ని తిప్పికొట్టొచ్చు. శత్రువులు కత్తి ఎత్తి, ఆపి, మనం తొందరపడి నొక్కాక అప్పుడు దించుతారు. మొదటిసారి చూస్తే ఎవరికైనా తొండిలాగే ఉంటుంది. నాలుగోసారికి ఆ ఆగడంలో ఒక తాళం వినిపిస్తుంది, కోలాటంలో ఎదుటివాడి కర్ర ఎప్పుడొస్తుందో ఒంటికి తెలిసినట్టు. అక్కడి నుంచి ఓడినా కోపం రాదు. మరీ కష్టమైతే కథ చూడటానికే సరిపడే తేలిక స్థాయి కూడా ఉంది. దాన్ని తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదని కొత్తవాళ్లకి చెబుతున్నాను.

లోపాలు లేకపోలేదు. లోపలి దారుల్లో పటం ఉండదు, ఒకే తీరు రాళ్ల మధ్య తిరిగిన చోటే తిరిగాను. దూకే ఆటలు అక్కడక్కడ పెట్టారు, అవి ఈ చేతుల పని కాదు. చివరి అంకానికి వచ్చేసరికి, లోకమంతా తిరిగి అన్నీ సంపాదించుకున్నవాడి దెబ్బకి ఆఖరి శత్రువు నిలవలేడు. అంత పెద్ద దుఃఖం మోసుకొచ్చిన కథకి అంత తేలికైన పోరు నప్పలేదు. ముగింపులో మనం ఒక నిర్ణయం తీసుకోవాలి. అదేంటో చెప్పను. నేను ఎంచుకున్నది తప్పేమోనని ఇప్పటికీ అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఈ ఆట మీద ఇంకో గొడవ కూడా జరిగింది. ఇండీ గేమ్ అవార్డులు అనే మరో సంస్థ తను ఇచ్చిన బహుమతుల్ని డిసెంబరులోనే వెనక్కి తీసుకుంది. తయారీలో తాత్కాలికంగా పెట్టిన కొన్ని బొమ్మలు కృత్రిమ మేధతో చేసినవని తేలడమే కారణం. ఆ బొమ్మల్ని స్టూడియో విడుదల తర్వాత తీసేసింది గానీ, అసలు వాడకూడదన్నది ఆ సంస్థ నియమం. నేను ఈ ఆటని ఎంత ప్రేమిస్తానో చెప్పాను కదా, అయినా ఆ సంస్థ చేసింది సరే అంటాను. నియమం అందరికీ ఒక్కటే. మా నాయనమ్మ అయినా కాయ వెనక్కే పెట్టించేది.

ఆ వెనక్కి తీసుకున్న మేటి ఆట బహుమతి 'బ్లూ ప్రిన్స్'కి వెళ్లింది. టోండా రాస్ అనే ఆయన దాదాపు ఎనిమిదేళ్లు కూర్చుని చేసిన పొడుపు కథల ఇల్లు. ఒక కుర్రవాడికి తాతవరస ఆయన పెద్ద బంగళా రాసిస్తాడు, ఒక షరతు మీద. నలభై అయిదు గదుల ఇంట్లో నలభై ఆరో గది కనిపెట్టాలి. తలుపు తెరిచిన ప్రతిసారీ మూడు గదుల నమూనాలు వస్తాయి, ఒకటి ఎంచుకుంటే అవతల ఆ గది పుడుతుంది. అడుగులు లెక్క, మొదట్లో రోజుకి యాభై. రాత్రయితే ఇల్లంతా చెరిగిపోతుంది, తెల్లారి మళ్లీ ఖాళీ గళ్లే. వైకుంఠపాళిలో పెద్ద పాము మింగి కిందికి దించినట్టే, కాకపోతే కింద పడ్డప్పుడు తలలో నిన్నటి జ్ఞానం మిగిలి ఉంటుంది. గోడ మీద పటంలో కనిపించిన అక్షరం, ఉత్తరంలో చదివిన పేరు, ఇవే మన ఆస్తి. నేను పాత డైరీ ఒకటి తీసి అరవై పేజీలు నింపాను. వదిన ఆ డైరీ చూసి ఇంటి లెక్కలనుకుంది.

మొదటి ఇరవై గంటలూ ఇంత మంచి ఆట ఈ పదేళ్లలో రాలేదు అనిపించింది. నలభై ఆరో గది దొరికాక ఇంకా లోతుకి వెళ్తే మాత్రం చిక్కుంది. జవాబు నాకు తెలుసు, కావలసిన గది మాత్రం రాదు. రెండు రోజులు, మూడు రోజులు, గంటలకి గంటలు అదృష్టం కోసం తలుపులు తెరుస్తూ కూర్చోవాలి. తెలిసిన జవాబు చెప్పనివ్వకపోవడం తొండే. అక్కడ ఆపేశాను. ఆపేసినందుకు బాధ లేదు, ఆ ఇంటి మీద బెంగ మాత్రం ఉంది. ఇంకో మాట, ఇందులో చిక్కులు చాలావరకు ఇంగ్లీషు మాటల విరుపుల మీద నడుస్తాయి. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకి ఈ ఇంటి తలుపులు సగం మూసే ఉంటాయి. నేను ఈ కబుర్లలో చెప్పే ఏ ఆటకీ తెలుగు లేదు, కింద అక్షరాలు కూడా లేవు. హైదరాబాద్‌లో ఈఏ లాంటి పెద్ద కంపెనీకి స్టూడియో ఉంది, హిట్‌వికెట్ లాంటి క్రికెట్ ఆట ఇక్కడే పుట్టింది. ఆటలు చేసే చేతులు మనదగ్గర ఉన్నాయి. ఆడేవాళ్లకి మన అక్షరం ఇంకా అందలేదు. ఇది రాయడం మానను.

పండగ మూడు రోజులూ మా అరుగు మీద పేకాట జరుగుతుంది, పైసలు లేకుండా, చింతగింజలతో. రెండో రోజు ఆటగాళ్లు తక్కువై నాన్న ఖాళీగా ఉంటే నా ఫోన్‌లో 'బలాత్రో' తెరిచి ఇచ్చాను. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆట అయినా దీనికి పాతబడటం తెలియదు. కెనడాలో లోకల్‌థంక్ అనే మారుపేరుతో ఒక్కడే చేశాడు. యాభై రెండు ముక్కలు, పోకర్ జతలు, పైన జోకర్లు. మన రమ్మీలో జోకర్ లోటు పూడ్చే ముక్క. ఇక్కడ నూట యాభై జోకర్లు, ఒక్కోటి ఒక్కో కొత్త నియమం. అయిదు జోకర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాని లెక్కని ఇంకొకటి రెట్టించేలా అమర్చడమే విద్య. మూడు వందలు దాటమన్న మొదటి మెట్టు నుంచి లక్షలకి పోతుంది లెక్క.

నాన్నకి పోకర్ రాదు. అయినా గంటలో ఆఠీన్ ముక్కలన్నీ పోగుచేసి, కళావరు, ఇస్పేటు వదిలించుకుంటూ, ఆఠీన్ వరసకి రెట్టింపునిచ్చే జోకర్లు కొని, రాజులా కూర్చున్నారు. అప్పుడు వచ్చిన పెద్ద పందెంలో నియమం ఏంటంటే, ఆఠీన్ ముక్కలకి విలువ లేదు! "అమ్మాయ్, ఇది తొండి" అని ఫోన్ నాకు తిప్పి చూపించారు. నేను వెనక్కెళ్లి చూపించాను. ఆ పందెం ముందున్నదని ఆ విడత మొదట్లోనే ఆట రాసి చూపించింది. ఆయన చూసుకోలేదు. కాసేపు అద్దాలు తుడుచుకుని, "అయితే నాదే తప్పు" అని కొత్త ఆట వేశారు. ఆ ఒక్క మాటకి ఈ ఆటకి నేనిచ్చే మార్కులన్నీ ఇచ్చేయొచ్చు.

ఈ ఆట గురించి ఇంకా ముఖ్యమైనది చెప్పాలి. మన దగ్గర ఫోన్‌లో పేక అనగానే అప్పులే గుర్తొస్తాయి. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నాన్న కూడా మొదట "ఇందులో డబ్బులు పోతాయా?" అనే అడిగారు. పోవు. కొన్నాక మళ్లీ పైసా అడగదు, పందెం కట్టే దారే లేదు. దీన్ని చేసినవాడు తన తర్వాత కూడా ఈ ఆటని జూదం కంపెనీలకి అమ్మడానికి వీల్లేదని వీలునామాలో రాసుకున్నాడు. యూరప్‌లో వయసు ముద్ర వేసే సంస్థ పేక బొమ్మలు చూసి ఒక దశలో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకే అంది, అభ్యంతరం వచ్చాక 2025లో పన్నెండుకి తగ్గించింది. పేక ముక్కలో జూదం లేదు, పందెంలో ఉంది. మా అరుగు మీద చింతగింజలకి ఈ తేడా ఎప్పుడో తెలుసు.

పెద్ద ఆటల సంగతి తొందరగా చెబుతాను. 'ఘోస్ట్ ఆఫ్ యోటే' 2025 అక్టోబరులో వచ్చింది. 1603లో, ఇప్పుడు హొక్కైదో అనే ఎజో ద్వీపంలో అత్సు అనే అమ్మాయి తన వాళ్లని చంపినవాళ్ల మీద పగ తీర్చుకోవడం కథ. గడ్డి మీద గాలి నడిచే తీరు చూడటానికే గుర్రం ఆపుకుని నిలబడ్డాను. కానీ పగ కథ మనం సినిమాల్లో ఎన్నిసార్లు చూశామో, రాబోయే మలుపులు ముందే వచ్చి కూర్చుంటాయి. కొత్త పెద్ద ఆటకి దాదాపు అయిదు వేలు పెట్టేముందు ఇంట్లో ఆలోచించుకోండి. 'హేడిస్ 2' అదే ఏడు సెప్టెంబరులో పూర్తిరూపంలో వచ్చింది. చేతికి మొదటి దానికన్నా బాగుంది, మనసుకి మొదటిదే బాగుంది. జీటీఏ 6 గురించి మేనల్లుడి స్నేహితులంతా అడుగుతున్నారు. 2026 నవంబరు 19న విడుదల అని రాక్‌స్టార్ ప్రకటించింది. అది ఎలాగూ పెద్దవాళ్ల ఆట, ఎనిమిదో తరగతి పిల్లలు అడగాల్సింది కాదు, వాళ్లకీ అదే చెప్పాను.

'కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ 2' మాత్రం తొందరగా వదిలేది కాదు. చెక్ దేశపు వార్‌హార్స్ స్టూడియో చేసింది. 1403, బొహీమియా. రాజు వెంచెస్లాస్‌ని సవతి తమ్ముడు సిగిస్మండ్ బంధించాడు, దేశం అట్టుడుకుతోంది. మనం మాత్రం హెన్రీ, ఒక కమ్మరి కొడుకు. కడుపు మాడితే ఒళ్లు తూలుతుంది, స్నానం చేయకపోతే జనం ముక్కు మూసుకుంటారు, నెత్తుటి బట్టలతో వెళ్తే ఎవరూ నమ్మరు. కొలిమిలో ఇనుము ఎర్రబడేదాకా తిత్తి ఊది, దాగలి మీద పెట్టి, సుత్తి దెబ్బ ఎక్కడ పడాలో చూసి మరీ కత్తి సాగదీయాలి. మా ఊరి కమ్మరి కొలిమి చిన్నప్పుడు చూసినదాన్ని నేను, ఆ వేడి తెలిసింది. వెండి గనుల ఊరు కుట్టెన్‌బర్గ్‌ని వీధివీధీ కట్టి చూపించారు. ఇందులో ఆడింది భద్రం చేసుకోవాలంటే మామూలుగా ఒక మందు సీసా తాగాలి, లేదా మన మంచం మీద పడుకోవాలి. నా దగ్గర సీసా లేదు. రెండు గంటలు అడవిలో నక్కి నక్కి దొంగల గుడిసె చేరేసరికి కరెంటు పోయింది, ఆ రెండు గంటలూ పోయాయి. కోపం వచ్చింది గానీ ఆట మీద కాదు. ఆ సీసా వల్లే అడవిలో ప్రతి అడుగూ భయంగా, నిజంగా ఉంది. కరెంటు వచ్చాక మళ్లీ అదే అడవిలోకి వెళ్లాను.

కనుమనాడు పొద్దున్న అమ్మకి 'వెన్బా' చూపించాను. కొత్తది కాదు, 2023లోది. టొరంటోలోని విసై గేమ్స్ అనే చిన్న బృందం చేసింది. 1980ల్లో కెనడా వెళ్లిన ఒక తమిళ కుటుంబం, తల్లి చేతి వంట, మాట మరిచిపోతున్న కొడుకు. ఆ తల్లికి వాళ్లమ్మ నుంచి వచ్చిన వంటపుస్తకంలో కొన్ని మాటలు చెరిగిపోయి ఉంటాయి, ఆ వరస మనం ఊహించి వండాలి. మొదటి వంట ఇడ్లీ. వంటింట్లో యాభై ఏళ్ల అనుభవం ఉన్న మనిషికి నేను సాయం చేయబోతే చెయ్యి తోసేసింది. అడుగున నీళ్లు, రేకులకి నూనె, పిండి, టకటకా చేసేసింది. బ్రిటన్‌లో బాఫ్టా వాళ్లు దీనికి తొలి ఆట బహుమతి ఇచ్చారు. గంటన్నరలో అయిపోతుంది, ఇంకో రెండు వంటలుంటే బాగుండేదనిపిస్తుంది. అయిపోయాక అమ్మ అడిగింది ఒక్కటే, "ఆ పిల్లాడు తర్వాతైనా వాళ్లమ్మతో వాళ్ల భాషలో మాట్లాడాడా?" అమెరికాలో పిల్లలున్న మా వీధివాళ్లందరికీ ఈ ఆట చూపించాలనుకుంటున్నాను.

మధ్యాహ్నం అందరూ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయల్దేరారు. వదినకి తలనొప్పిగా ఉండి ఆగిపోయింది, తోడుగా నేనున్నాను. సాయంత్రానికి నొప్పి తగ్గి, కాఫీ తాగి, "ఇద్దరూ ఆడేది ఏదో ఉందన్నావుగా" అంది తనే.

అది 'స్ప్లిట్ ఫిక్షన్'. స్వీడన్‌లోని హేజ్‌లైట్ స్టూడియో, జోసెఫ్ ఫారెస్ దర్శకుడు, 2025 మార్చిలో వచ్చింది. ఈయన చేసే ఆటలు ఒక్కరు ఆడటం కుదరదు, ఇద్దరు ఉండాల్సిందే. మియో, జోయి అనే ఇద్దరు రచయిత్రులు, ఒకరు యంత్రాల కథలు, ఒకరు మంత్రాల కథలు రాసేవాళ్లు, ఒక ప్రచురణకర్త యంత్రంలో పడి ఒకరి కథల్లోకి ఒకరు చిక్కుకుంటారు. ఇద్దరి పేర్లూ ఫారెస్ తన కూతుళ్లవే పెట్టాడు. కథలో విలన్ పలచన, మలుపులు తెలిసినవే. కానీ ఆట! పది నిమిషాలకొకసారి చేతిలో శక్తి మారిపోతుంది. ఒకసారి గోడల మీద నడక, ఒకసారి డ్రాగన్ పెంపకం, ఒకసారి ఇద్దరూ పందులైపోయి పొలంలో గెంతడం. ఒక్క ఆలోచన మీద వేరేవాళ్లు మొత్తం ఆట కట్టుకునే చోట, వీళ్లు దాన్ని వాడి, ముచ్చటపడేలోపే వదిలేసి ముందుకెళ్తారు. చివరి ఘట్టంలో తెర మధ్యనున్న గీతతోనే ఆడుకుంటారు. నేనిన్నేళ్లలో అలాంటిది చూడలేదు.

వదినకి మొదట కుడిబొటనవేలు, ఎడమబొటనవేలు ఒకేసారి కదపడమే రాలేదు. కెమెరా ఆకాశంవైపు, మనిషి గోతివైపు. పది సార్లు పడిపోయింది. ఈ ఆట ఎంత దయగలదంటే, ఒకరు పడితే ఇంకొకరు నిలబడి ఉంటే చాలు, క్షణంలో లేపేస్తుంది. పడ్డవాళ్లకి శిక్ష లేదు. మా ఇంట్లో ఆడపడుచు, వదిన ఒక పని కలిసి చేస్తే మధ్యలో ఎవరో ఒకరికి మాట వస్తుంది. నాలుగు గంటలు పక్కపక్కన కూర్చుని ఒకరినొకరు "ఆగు, ఇప్పుడు, ఇప్పుడు దూకు" అనుకుంటూ గడపడం మాకు ఇదే మొదలు. పందులు ఆఖరికి పొయ్యి మీదికి చేరినచోట ఆవిడ నవ్విన నవ్వు తన పెళ్లైనప్పటి నుంచీ నేను వినలేదు. తీర్థం నుంచి వచ్చిన మేనల్లుడు గుమ్మంలోనే ఆగి వాళ్లమ్మని వింతగా చూశాడు.

పండగయ్యాక అన్నయ్యవాళ్లు విశాఖ వెళ్లిపోయారు. నేను హైదరాబాద్ వచ్చాను. అయితే స్ప్లిట్ ఫిక్షన్‌లో ఒక మంచి ఏర్పాటుంది. ఇద్దరిలో ఒకరు కొంటే చాలు, రెండోవాళ్లు ఫ్రెండ్స్ పాస్ అనే దాన్ని ఉచితంగా దింపుకుని ఎంత దూరం నుంచైనా కలవచ్చు. మేనల్లుడు వాళ్లింట్లో కంప్యూటర్‌లో అది పెట్టి ఇచ్చాడు. సిల్క్‌సాంగ్‌లో లాస్ట్ జడ్జ్‌ని కూడా గురువారం రాత్రి ఓడించేశాడట, ముప్ఫై నాలుగోసారికి. ఆ పరుగు మాత్రం ఇప్పటికీ తొండే అంటున్నాడు.

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి పిల్లాడు పడుకున్నాక వదిన ఫోన్ చేసింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇద్దరం కంట్రోలర్లు పట్టుకున్నాం. డ్రాగన్ల దగ్గర ఆపాం కదా, అక్కడే తెరుచుకుంది. ఎదురుగా లోయ. నేను తడబడి ఆగాను.

"నువ్వు ఆ పక్కన నిలబడు," అంది వదిన. "నేను ముందు దూకుతాను."